అట్లాంటిక్ దాటొచ్చిన జర్మన్ పూర్వీకుణ్ణి వెతకడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళల్లోకి పెన్సిల్వేనియా, ఒహాయో, వర్జీనియా వైపు అల్లుళ్ళు, కోడళ్ళు వస్తున్నారు. పిల్లలకి స్కూల్లో ఫ్యామిలీ ట్రీ ప్రాజెక్టు ఇస్తే, ఆ వైపు కథ తరచుగా ఒక్క ముక్క దగ్గర ఆగిపోతుంది: "మా వాళ్ళు ఎప్పుడో 1740ల్లో జర్మనీ నుంచి వచ్చారట." ఆ 'అట' వెనక ఏముందో తవ్వుకునేవాళ్ళ కోసం ఈ పేజీ. ఎక్కువ భాగం పెన్సిల్వేనియా గురించే ఉంటుంది, ఎందుకంటే ఎక్కువమంది దిగింది అక్కడే.

కలోనియల్ కాలం (అమెరికా ఇంగ్లండు చేతిలో ఉన్న కాలం) అంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?

జర్మన్ల లెక్కలో 1683 నుంచి మొదలుపెట్టుకోవచ్చు. ఆ ఏడాది అక్టోబరులో క్రెఫెల్డ్ ఊరి నుంచి 13 కుటుంబాలు కాంకర్డ్ అనే ఓడలో ఫిలడెల్ఫియా చేరి, పక్కనే జర్మన్‌టౌన్ కట్టుకున్నాయి. అక్కణ్ణుంచి 1775లో ఇంగ్లండుతో యుద్ధం మొదలై ఓడలు ఆగిపోయేదాకా వలస సాగింది. మొత్తం లక్షమంది దాకా వచ్చారని చరిత్రకారుల అంచనా. 1749 నుంచి 1754 వరకు జనం విరగబడి వచ్చారు.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. అప్పటికి జర్మనీ అనే దేశం లేదు, అది ఏర్పడింది 1871లో. ఉన్నవి వందలకొద్దీ చిన్న రాజ్యాలు, జమీలు. మీ పూర్వీకుడు పాలటినేట్ నుంచో, వూర్టెంబర్గ్ నుంచో, బాడెన్ నుంచో, హెస్సె నుంచో, అల్సాస్ నుంచో, చివరికి స్విట్జర్లాండ్ నుంచో వచ్చి ఉండొచ్చు. ఇంగ్లీషు గుమాస్తాలు వీళ్ళందరినీ కలిపి 'పాలటైన్లు' అనే రాసేశారు. కాబట్టి కాగితంలో పాలటైన్ అని కనిపించగానే పాలటినేట్ రికార్డుల్లో పడి వెతక్కండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ఇంట్లోంచి. అల్లుడిగారి అమ్మమ్మ, నాయనమ్మ ఉంటే ముందు వాళ్ళతో మాట్లాడండి. తర్వాత ఒక్కో తరం వెనక్కి వెళ్ళండి, ప్రతి తరానికి కనీసం ఒక కాగితం చూపించగలగాలి. 1850 నుంచి అమెరికా జనాభా లెక్కల్లో ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ ఉంటుంది (ఆ రోజుల్లో బానిసత్వంలో ఉన్నవాళ్ళకి తప్ప), అక్కడిదాకా పెద్ద ఇబ్బంది ఉండదు. 1790 నుంచి 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే రాసి, మిగతావాళ్ళని అంకెల్లో చూపించారు. ఎక్కువమంది చిక్కుపడేది ఈ అరవై ఏళ్ళ దగ్గరే, సముద్రం దగ్గర కాదు.

అందరూ చేసేది దీనికి తలకిందులు. ముందు ఓడ లిస్టు తెరిచి, ఇంటిపేరు కలిసిన మొదటి మనిషిని 'మావాడే' అనేసుకుని, అక్కణ్ణుంచి కిందికి దిగడానికి చూస్తారు. అలా దిగినవాళ్ళు చాలాసార్లు వేరేవాళ్ళ ఇంట్లో తేలతారు.

ఓడ లిస్టులో పేరు దొరికింది. ఇక అయిపోయినట్టేగా?

అసలు పని అక్కడే మొదలవుతుంది.

జర్మన్లు ఇంతమంది దిగుతున్నారని కంగారుపడి 1727లో పెన్సిల్వేనియా ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. ఓడ కెప్టెన్ ప్రయాణికుల లిస్టు ఇవ్వాలి. మగవాళ్ళు ఫిలడెల్ఫియాలో అధికారుల ముందు నిలబడి ఇంగ్లండు రాజుకి విధేయంగా ఉంటామని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. అలా ఒక్కో ఓడకి మూడు లిస్టుల దాకా తయారయ్యాయి. ఒకటి కెప్టెన్ ఇచ్చింది, మిగతా రెండూ ప్రమాణాలవి. కెప్టెన్ల లిస్టులు చాలా పోయాయి, ప్రమాణాల లిస్టులు మాత్రం చాలావరకు మిగిలాయి. 1727 సెప్టెంబరులో వచ్చిన విలియం అండ్ సారా ఓడతో మొదలై 1775 దాకా ఉన్నాయి. స్ట్రాస్‌బర్గర్, హింకీ అనే ఇద్దరు వీటిని 1934లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు.

కెప్టెన్ లిస్టులో పేరు ఇంగ్లీషు చెవికి వినబడినట్టు ఉంటుంది. ప్రమాణం లిస్టులో మాత్రం మనిషి తన చేత్తో, జర్మన్ లిపిలో రాసుకున్న సంతకం ఉంటుంది. రాయడం రానివాళ్ళు ఒక గుర్తు గీస్తే పక్కన గుమాస్తా పేరు రాసేవాడు. నా దృష్టిలో ఈ లిస్టుల్లో బంగారం ఈ సంతకాలే. ఆ మూడు సంపుటాల్లో రెండోది పూర్తిగా సంతకాల నకళ్ళే.

వాటిని ఎలా వాడుకోవాలంటే, 1749లో ఓడ దిగిన ఒక మనిషి సంతకాన్ని, ఆ పేరుతోనే 1785లో లాంకాస్టర్ కౌంటీలో వీలునామా రాసిన మనిషి సంతకం పక్కన పెట్టండి. ఇంటిపేరు మొదటి అక్షరం తిప్పిన తీరు, చివర లాగిన గీత, రెండు అక్షరాలు కలిపిన పద్ధతి చూడండి. ముసలితనంలో చెయ్యి వణికినా తీరు మాత్రం పెద్దగా మారదు. ఒకరు సంతకం చేసి, ఇంకొకరు గుర్తు గీసి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. నిలబడి సంతకం పెట్టిన మనిషి నలభై ఏళ్ళ తర్వాత మంచాన పడి గుర్తు గీసి ఉండొచ్చు. కానీ కుర్రతనంలో గుర్తు గీసినవాడు తర్వాత చక్కటి సంతకం చేశాడంటే అంత తేలిగ్గా నమ్మకండి.

ఇంకో మాట. ఒకే పేరుతో ఓడలు చాలా ఉన్నాయి, ఒకే ఓడ మళ్ళీ మళ్ళీ వచ్చింది. 'ఫీనిక్స్ ఓడలో వచ్చాడు' అంటే చాలదు, ఏడాది కూడా కావాలి.

లిస్టులో ఆడవాళ్ళు, పిల్లలు ఎందుకు లేరు?

ప్రమాణం పదహారేళ్ళు దాటిన మగవాళ్ళకే. కెప్టెన్ లిస్టుల్లో కొన్నిటిలోనే ఆడవాళ్ళ, పిల్లల పేర్లు రాశారు. జబ్బుతో ఓడలోనే ఉండిపోయిన మగవాళ్ళు కూడా ప్రమాణానికి రాలేదు. అంటే 'లిస్టులో లేడు కాబట్టి రాలేదు' అనడానికి వీల్లేదు.

మా వాళ్ళ ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంది. ఏది సరైనది?

అన్నీ. స్పెల్లింగ్ అనేది ఆ రోజుల్లో ఎవరికీ పట్టని విషయం. మనిషి జర్మన్‌లో చెప్తాడు, రాసేవాడు ఇంగ్లీషు మనిషి. పైగా దక్షిణ జర్మనీ యాసలో బ-ప, ద-త, గ-క మధ్య తేడా పెద్దగా వినబడదు. అందుకే ఒకే మనిషి ఒకచోట బెండర్, ఇంకోచోట పెంటర్ అయిపోతాడు. వెతికేటప్పుడు ఆ జంటలన్నీ తిరగేసి వెతకండి.

కొందరు శబ్దం ఉంచి రాత మార్చుకున్నారు. ముల్లర్ మిల్లర్ అయ్యాడు, ష్నైడర్ స్నైడర్ అయ్యాడు, క్లైన్ సి అక్షరంతో మొదలయ్యే క్లైన్ అయ్యాడు. కొందరు అర్థమే మార్చేసుకున్నారు. జిమ్మర్‌మన్ కుటుంబాల్లో కొన్ని కార్పెంటర్లు అయ్యాయి, ష్వార్ట్స్ బ్లాక్ అయ్యాడు, కోనిగ్ కింగ్ అయ్యాడు. అన్నదమ్ముల్లో ఒకడు అలా, ఒకడు ఇలా మార్చుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. కాబట్టి స్మిత్ అని ఉన్నంత మాత్రాన ఇంగ్లీషువాళ్ళే అనుకోవద్దు.

ఆడవాళ్ళ ఇంటిపేరు చివర 'ఇన్' చేర్చడం జర్మన్ చర్చి పుస్తకాల్లో మామూలే. ష్మిట్ కూతురు ష్మిటిన్. అది వేరే ఇంటిపేరు కాదు.

అన్నదమ్ములందరి పేరూ యోహాన్ ఏంటండీ?

బాప్తిస్మంలో రెండు పేర్లు పెట్టేవాళ్ళు. మొదటిది చాలావరకు అలంకారం, పిలిచే పేరు రెండోది. యోహాన్ గియోర్గ్, యోహాన్ పీటర్, యోహాన్ ఆడమ్ ఒక తండ్రి బిడ్డలు. ఊళ్ళో వాళ్ళు గియోర్గ్, పీటర్, ఆడమ్. ఆడపిల్లల్లో అన్నా, మరియా అంతే. అయితే 'యోహానెస్' అని ఒక్కటే పేరుంటే, ఆ మనిషిని పిలిచేది ఆ పేరుతోనే. యోహాన్ వేరు, యోహానెస్ వేరు, ఇద్దర్నీ కలిపేయకండి.

ముద్దుపేర్లూ ఉన్నాయి. క్రిస్టోఫ్‌ని స్టొఫెల్, వాలెంటైన్‌ని ఫెల్టెన్, సెబాస్టియన్‌ని బాస్టియన్ అనేవాళ్ళు. పన్ను లిస్టుల్లో ముద్దుపేరే ఎక్కిన సందర్భాలు చాలా.

ఓడ ఛార్జీ కట్టలేనివాళ్ళ సంగతేంటి?

చాలామంది అప్పు మీదే ఓడెక్కారు. రైన్ నది మీదుగా రోటర్‌డామ్, అక్కడ ఓడ, మధ్యలో ఇంగ్లండు రేవులో ఆగడం, ఆ తర్వాత సముద్రం మీద ఎనిమిది, పది వారాలు. ఫిలడెల్ఫియా చేరేసరికి ఛార్జీ కట్టేవాళ్ళు ఎవరూ లేకపోతే, ఎవరైనా రైతో వ్యాపారో ఆ బాకీ తీర్చేవాడు. బదులుగా కొన్నేళ్ళు వాళ్ళ దగ్గర పని చెయ్యాలి. పెద్దవాళ్ళకి మూడు నుంచి ఆరేళ్ళు పట్టేది. పిల్లలైతే చాలాసార్లు మగపిల్లాడికి 21, ఆడపిల్లకి 18 వచ్చేదాకా. కుటుంబం తలోచోటికి విడిపోవడం మామూలు. తల్లి ఒక కౌంటీలో, కొడుకు ఇంకో కౌంటీలో ఉంటే పొరపాటు రికార్డు అనుకోకండి, ఇదే కారణం కావచ్చు.

ఈ ఒప్పందాల పుస్తకాల్లో పెద్దది, ఫిలడెల్ఫియా మేయర్ దగ్గర 1771 అక్టోబరు నుంచి 1773 అక్టోబరు దాకా రాసింది, ఇప్పటికీ ఉంది. పనికి కుదిరిన మనిషి, యజమాని, ఊరు, ఎన్నేళ్ళు, ఎంత సొమ్ము, అన్నీ అందులో ఉంటాయి. గడువు తీరాక రెండు జతల బట్టలు ఇవ్వాలని, అందులో ఒకటి కొత్తది అయి ఉండాలని షరతు కనిపిస్తుంది. మిగతా ఏళ్ళకి ఇలాంటి పుస్తకాలు అరుదు. అప్పుడు జర్మన్ పత్రికలు చూడాలి. క్రిస్టోఫ్ సౌర్ 1739లో జర్మన్‌టౌన్‌లో పత్రిక మొదలుపెట్టాడు. అందులో పారిపోయిన పనివాళ్ళ ప్రకటనలు, 'మా తమ్ముడు ఫలానా ఊరివాడు, ఎక్కడున్నాడో చెప్పండి' అనే ప్రకటనలు వస్తుండేవి. పుట్టిన ఊరి పేరు ఇలాంటి చోట దొరికినంత సులువుగా ప్రభుత్వ కాగితాల్లో దొరకదు.

చర్చి రికార్డుల్లో ఏం చూడాలి?

ముందు మతశాఖ తేల్చుకోండి. లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు పసిపిల్లలకి బాప్తిస్మం ఇచ్చి పుస్తకంలో రాశాయి. మెనొనైట్లు, ఆమిష్‌లు పెద్దయ్యాకే బాప్తిస్మం ఇస్తారు, కాబట్టి వాళ్ళకి పుట్టుక రికార్డులు వెతికి లాభం లేదు. వాళ్ళ విషయంలో భూమి కాగితాలు, వీలునామాలే దిక్కు. మొరేవియన్లది మాత్రం అదృష్టం. 1741లో పెన్సిల్వేనియాలో బెత్లెహేం ఊరు స్థాపించుకున్న ఈ సంఘంలో మనిషి చనిపోతే జీవితకథ చదివేవాళ్ళు, చాలామంది బతికుండగానే తమ కథ రాసి పెట్టుకునేవాళ్ళు. మీ పూర్వీకుడు మొరేవియన్ అయితే ఆయన గొంతే వినే అవకాశం ఉంది.

మొదట్లో ఊళ్ళల్లో పాస్టర్లు లేరు. గుర్రం మీద తిరిగే పాస్టర్ వచ్చినరోజే నాలుగైదు ఊళ్ళ పిల్లలకి బాప్తిస్మాలు. యోహాన్ కాస్పర్ స్టోవర్ అనే లూథరన్ పాస్టర్ 1730 నుంచి సొంతంగా ఒక పుస్తకం రాసుకున్నాడు, పిల్లలవీ పెళ్ళిళ్ళవీ దాదాపు యాభై ఏళ్ళ వివరాలు. మీ వాళ్ళు ఏ చర్చి పుస్తకంలోనూ లేకపోతే ఆ పుస్తకం చూడండి.

బాప్తిస్మం నమోదులో తల్లిదండ్రుల పేర్లు అందరూ చూస్తారు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి (గాడ్‌పేరెంట్స్) పేర్లు వదిలేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది వాళ్ళనే. కొత్త దేశంలో బిడ్డకి జ్ఞానతల్లిగా ఎవర్ని నిలబెడతారు? అమ్మ చెల్లెల్నో, పాత ఊళ్ళో పక్కింటావిడనో. నలుగురు పిల్లల బాప్తిస్మాల్లో ఒకే జంట మళ్ళీ మళ్ళీ కనిపిస్తే, ఆ జంట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకండి. మీ వాళ్ళ ఊరు అక్కడే బయటపడే అవకాశం ఎక్కువ.

ఇక్కడ మన గుంటూరుకి ఒక చుట్టరికం ఉంది. జర్మనీలోని హాలె నగరం నుంచి హెన్రీ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్ అనే పాస్టర్ 1742లో పెన్సిల్వేనియాకి వచ్చి, చెల్లాచెదురుగా ఉన్న లూథరన్ సంఘాల్ని 1748లో పెన్సిల్వేనియా మినిస్టీరియం కిందికి తెచ్చాడు. ఆ సంస్థ పంపగా 1842లో గుంటూరులో దిగిన మిషనరీయే ఫాదర్ హయ్యర్. ఆయన కూడా హెల్మ్‌స్టెడ్‌లో పుట్టి, 1807లో పద్నాలుగేళ్ళ వయసులో ఫిలడెల్ఫియాకి వచ్చిన జర్మనే. హాలె నగరంలోనే 1740ల్లో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు కూడా అచ్చు వేయించాడు. గుంటూరు లూథరన్ కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి పెన్సిల్వేనియా చర్చి పుస్తకాల్లో కనబడే పేర్లు అంత కొత్తగా అనిపించకపోవచ్చు.

ఏ కౌంటీలో వెతకాలి? ఊరి పేరు తెలుసు కానీ రికార్డు దొరకట్లేదు.

ఊరు కదల్లేదు, కౌంటీ మారింది. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు విడగొట్టాక పాత దస్తావేజు ఏ ఆఫీసులో ఉందో తెలియక తిరిగినవాళ్ళకి ఈ బాధ బాగా అర్థమవుతుంది. పెన్సిల్వేనియాలో మొదట ఉన్నవి ఫిలడెల్ఫియా, బక్స్, చెస్టర్ మాత్రమే. 1729లో చెస్టర్ నుంచి లాంకాస్టర్ విడిపోయింది. 1749లో యార్క్, 1750లో కంబర్లాండ్, 1752లో బెర్క్స్, నార్తాంప్టన్, 1785లో డాఫిన్, 1813లో లెబనాన్ వచ్చాయి.

అంటే ఇప్పటి లెబనాన్ కౌంటీలో ఉన్న ఊళ్ళో 1740లో వచ్చి స్థిరపడినవాడి కాగితాలు చాలావరకు లాంకాస్టర్‌లో మొదలై, అతని కొడుకు కాలానికి డాఫిన్‌లోకి, మనవడి కాలానికి లెబనాన్‌లోకి పోతాయి. ఇంట్లోంచి ఒక్క అడుగు కదలకుండానే మూడు కౌంటీలు చూసిన కుటుంబాలివి.

భూమి కాగితాలు ఎందుకంత ముఖ్యమంటారు?

జర్మన్ రైతు వచ్చిందే భూమి కోసం కాబట్టి. చర్చికి వెళ్ళనివాడు ఉండొచ్చు, వీలునామా రాయకుండా పోయినవాడు ఉండొచ్చు, భూమి కొనకుండా ఉన్నవాళ్ళు మాత్రం తక్కువ.

పెన్సిల్వేనియాలో భూమి ఆ కాలనీ యజమానులైన పెన్ కుటుంబానిది. కొనాలంటే ముందు అర్జీ, దాని మీద వారంటు (భూమి కొలవమనే ఆర్డరు), తర్వాత సర్వే, చివరికి పేటెంట్ అనే పట్టా. ఈ నాలుగు మెట్లకి మధ్య ఏళ్ళు గడిచేవి. 1732 తర్వాత నూరు ఎకరాలకి 15 పౌండ్ల 10 షిల్లింగులు, పైన ఏటా ఎకరానికి అర పెన్నీ శిస్తు. డబ్బు కుదరక వారంటు దగ్గరే ఆగిపోయి, పట్టా మనవడి పేరు మీద వచ్చిన కేసులు బోలెడు. అలాంటిది దొరికితే పండగే, ఎందుకంటే ఆ పట్టాలో 'ఫలానావాడు వారంటు తీసుకున్నాడు, చనిపోయాడు, ఫలానా కొడుక్కి వచ్చింది, అతను ఫలానావాడికి అమ్మాడు' అని వరసంతా రాసి ఉంటుంది. మూడు తరాలు ఒక్క పేరాలో దొరుకుతాయి.

సర్వే కాగితాన్ని తీసి ఒక్కసారి నిదానంగా చూడండి. వంకర గీతల మధ్య ఒక ముక్క, మూలల్లో 'నల్ల ఓక్ చెట్టు', 'హికరీ చెట్టు', 'రాళ్ళ గుట్ట' అని గుర్తులు, మధ్యలో ఎకరాల లెక్క, దారుల కోసం వదిలిన నూటికి ఆరు వంతు. గీతలకి అవతల నాలుగు వైపులా సరిహద్దు రైతుల పేర్లు. ఆ నాలుగు పేర్లూ రాసుకోండి. అందులో ఒకరు మామగారు, ఒకరు బావమరిది, ఒకరు అదే ఓడలో పక్కన సంతకం పెట్టినవాడు కావడం చాలా మామూలు. ఈ వారంటులూ సర్వేలూ హారిస్‌బర్గ్‌లోని పెన్సిల్వేనియా స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్లో ఉచితంగా చూడొచ్చు.

వీలునామాలో ఏం దొరుకుతుంది?

పిల్లల పేర్లు, అల్లుళ్ళ ఇంటిపేర్లు. అవి అందరూ చూసేవే. నాకు ఇష్టమైనది భార్యకి రాసిన భాగం. ఇల్లు పెద్దకొడుక్కి ఇస్తూ, తన తర్వాత ఆవిడ ఇబ్బంది పడకూడదని పూసగుచ్చినట్టు రాసేవాళ్ళు. పొయ్యి ఉన్న గది, ఏడాదికి ఇన్ని బుషెళ్ళ గోధుమలు, ఇన్ని పౌండ్ల పంది మాంసం, ఒక ఆవు, దానికి మేత, కొట్టి పెట్టిన వంటచెరకు, తోటలో కూరలు పండించుకోడానికి చోటు. కోడలితో పడకపోతే ఎలా అని ముందే ఆలోచించినట్టుంటుంది.

వీలునామా లేకపోతే ఆర్ఫన్స్ కోర్టు రికార్డులు చూడండి. పేరు చూసి అనాథలకే అనుకుని చాలామంది దాటేస్తారు. తండ్రి చనిపోయి మైనర్ పిల్లలుంటే, తల్లి బతికున్నా, ఆస్తి పంపకం ఆ కోర్టులోనే.

తేదీలు ఒకదానికొకటి కలవట్లేదు. ఎందుకు?

రెండు కేలండర్లు. జర్మనీలో ప్రొటెస్టెంట్ రాజ్యాలు 1700లోనే కొత్త కేలండర్‌కి మారాయి. ఇంగ్లండు, దాని కాలనీలు 1752 సెప్టెంబరులో మారాయి. అప్పుడు 2వ తేదీ తర్వాత రోజు 14 అయింది. కాబట్టి అంతకు ముందు జర్మనీ తేదీకీ, ఫిలడెల్ఫియా తేదీకీ 11 రోజులు తేడా. పైగా ఇంగ్లీషువాళ్ళకి 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1738 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో అది 1739 కావచ్చు. పెళ్ళికి ముందే బిడ్డ పుట్టినట్టు కనిపిస్తే కంగారుపడకముందు కేలండర్ చూడండి.

జర్మనీలో ఊరు కనుక్కోవడం ఎలా?

దీనికి అడ్డదారి లేదు కానీ దారి ఉంది. ఒంటరి మనిషిని వెతకడం మానేసి గుంపుని వెతకండి.

18వ శతాబ్దంలో చాలామంది ఒంటరిగా రాలేదు. ఊళ్ళో ఒకడు బయల్దేరితే తరచుగా బంధువులు, పక్కింటివాళ్ళు కలిసి బయల్దేరారు. ముందు వెళ్ళినవాడు ఉత్తరం రాస్తే రెండేళ్ళకి ఇంకో నాలుగు ఇళ్ళు కదిలాయి. ఓడ లిస్టులో మీవాడి పేరుకి పైన పది, కింద పది పేర్లు రాసుకోండి. అవే పేర్లు బాప్తిస్మాల్లో జ్ఞానతల్లిదండ్రులుగా, సర్వేలో సరిహద్దుదారులుగా, వీలునామాలో సాక్షులుగా కనిపిస్తాయా చూడండి. మూడు చోట్ల కలిసిన పేర్లు పట్టుకుంటే, అందులో ఏ ఒక్కరి ఊరు తెలిసినా చాలు. ఆ ఊరి చర్చి పుస్తకం, ఆ చుట్టుపక్కల ఊళ్ళ పుస్తకాలు తెరవండి. అరుదైన ఇంటిపేర్లున్నవాళ్ళతో మొదలుపెడితే పని తేలిక. ముల్లర్‌తో మొదలుపెడితే జీవితం సరిపోదు.

ఊరు దొరికాక చూడాల్సినవి రెండు. ఒకటి చర్చి పుస్తకం. మీవాడి పుట్టుక మాత్రమే దొరికితే చాలదు, ఆ తర్వాత అదే ఊళ్ళో అతని పెళ్ళి, చావు ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే అతను అమెరికా రాలేదు, మీరు పట్టుకున్నది వేరే మనిషిని. కొందరు పాస్టర్లు పేరు పక్కనే 'పెన్సిల్వేనియాకి పోయాడు' అని రాసి పెట్టారు. రెండోది విడుదల పత్రాలు. చాలా రాజ్యాల్లో రైతు జమీందారుకి కట్టుబడి ఉండేవాడు, వెళ్ళాలంటే సొమ్ము కట్టి విడిపించుకోవాలి, ఆస్తిలో కొంత పన్నుగా వదులుకోవాలి. ఆ వసూళ్ళ లెక్కల్లో పేర్లున్నాయి. చెప్పకుండా రాత్రికి రాత్రి వెళ్ళిపోయినవాళ్ళు మాత్రం వీటిలో దొరకరు.

ఐసెన్‌హోవర్ వంశం తీసుకోండి. అమెరికా అధ్యక్షుడి పూర్వీకుడు హాన్స్ నికోలస్ ఐసెన్‌హౌవర్ ఇప్పటి సార్లాండ్‌లోని కార్ల్స్‌బ్రున్ ఊరి నుంచి 1741లో ఫిలడెల్ఫియా చేరి, అప్పటి లాంకాస్టర్ కౌంటీలో స్థిరపడ్డాడు. అక్కణ్ణుంచి అధ్యక్షుడి దాకా కొలోనియల్ కాలపు ఓడ లిస్టు ఒక్కటే కాదు, తరతరానికీ కాగితాలున్నాయి.

చర్చి పుస్తకాల కోసం ప్రొటెస్టెంట్లకి ఆర్కియోన్ సైటు (డబ్బు కట్టాలి), కాథలిక్‌లకి మాట్రికులా (ఉచితం), రెండింటికీ కొంతవరకు ఫ్యామిలీసెర్చ్ (ఉచితం) చూడండి. పాలటినేట్‌లో 1689 ప్రాంతంలో ఫ్రెంచి సైన్యం ఊళ్ళు తగలబెట్టడంతో పాత పుస్తకాలు చాలా పోయాయి. అక్కడ 1690కి వెనక్కి వెళ్ళలేకపోతే మీ తప్పు కాదు.

1727కి ముందు వచ్చినవాళ్ళని ఎలా పట్టుకోవాలి?

కాన్రాడ్ వైసర్‌ని తీసుకోండి. 1696లో వూర్టెంబర్గ్‌లో పుట్టాడు. 1709 చలికాలం ఎంత భయంకరమంటే ద్రాక్షతోటలు మాడిపోయాయి, రైన్ ప్రాంతం నుంచి వేలమంది లండన్ చేరి గుడారాల్లో పడ్డారు. వాళ్ళల్లో మూడువేలమంది దాకా 1710లో గవర్నర్ రాబర్ట్ హంటర్‌తో న్యూయార్క్ చేరారు, హడ్సన్ నది పక్కన ఓడలకి పూసే తారు తీసే పని కోసం. ఆ పథకం ఏడాది రెండేళ్ళల్లో కుప్పకూలింది. వైసర్ తండ్రి కుర్రాణ్ణి ఒక చలికాలం మోహాక్ తెగ ఆదివాసుల దగ్గర ఉంచాడు, ఆ భాష అలా వచ్చింది. 1729లో కుటుంబంతో పెన్సిల్వేనియాలోని తుల్పెహాకన్‌కి వచ్చి, తర్వాత ఆ ప్రభుత్వానికి దుబాసీ అయ్యాడు, మెజిస్ట్రేట్ అయ్యాడు, 1760లో పోయాడు. ఆయన కూతురినే మ్యూలెన్‌బర్గ్ 1745లో పెళ్ళి చేసుకున్నాడు.

ఆయన కోసం ఫిలడెల్ఫియా ఓడ లిస్టులు ఎంత వెతికినా దొరకడు. ఆయన దిగింది న్యూయార్క్‌లో. ఇలాంటివాళ్ళకి చూడాల్సింది హంటర్ ప్రభుత్వం తిండి సరుకులిచ్చిన లెక్కల పుస్తకాలు, లండన్‌లో రాసిన 1709 లిస్టులు. తుల్పెహాకన్ వైపు స్థిరపడ్డ కుటుంబాలకి న్యూయార్క్ రికార్డులు చూడకుండా తీర్పు చెప్పకండి.

మా తాతగారు హెస్సియన్ సైనికుడని ఇంట్లో అంటారు. నిజమేనా?

కావచ్చు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండు తరఫున పోరాడ్డానికి జర్మన్ రాజులు అద్దెకి పంపిన సైనికులు 30,000 మంది దాకా ఉన్నారు, అందులో సుమారు 5,000 మంది ఇక్కడే ఉండిపోయారు. 1776కి ముందు పన్ను లిస్టులో పేరుంటే మాత్రం ఆ కథ పక్కన పెట్టేయండి.

ఆన్‌లైన్లో రెడీమేడ్ వంశవృక్షం దొరికింది. నమ్మొచ్చా?

ఆధారం చూపిస్తే నమ్మండి. 'ఇంకో ట్రీలో ఉంది' అన్నది ఆధారం కాదు. ఒకరి తప్పుని వందమంది కాపీ చేస్తే అది వంద సాక్ష్యాలు కాదు. జర్మన్ ఇంటిపేరుకి రాజవంశ చిహ్నం అమ్మే సైట్లకి డబ్బులు తగలేయకండి.

డీఎన్ఏ టెస్టు చేయించమంటారా?

ఎనిమిది తరాల వెనక మీకు 256 మంది పూర్వీకులుంటారు. అందులో ఒకరి నుంచి మీకు అసలు ఏ ముక్కా రాకపోవచ్చు కూడా. అందుకని మామూలు టెస్టు ఒక్కదానితో ఓడ దిగినవాణ్ణి తేల్చలేం. ఇంటిపేరు మోసే మగ వారసుడు ఉంటే, తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై డీఎన్ఏ ఉపయోగపడుతుంది, రెండు కుటుంబాలు ఒకటేనా కాదా అని చెప్పగలదు. ఊరి పేరు మాత్రం చెప్పదు.

పాత జర్మన్ రాత చదవలేకపోతున్నాం.

కుర్రెంట్ అనే ఆ లిపి జర్మన్లకే ఇప్పుడు రాదు, టెన్షన్ పడకండి. చర్చి పుస్తకాల్లో వాడే మాటలు ముప్ఫై నలభై మించవు: పుట్టాడు, బాప్తిస్మం, తండ్రి, తల్లి, సాక్షులు, కుమ్మరి, నేతగాడు, విధవ. ముందు మీ ఇంటిపేరుని ఆ లిపిలో రాయడం నేర్చుకోండి, పేజీలో అది కళ్ళకి తగలడం మొదలవుతుంది. ఆ తర్వాత మిగతావి.

డబ్బిచ్చి పరిశోధకుణ్ణి పెట్టుకోవాలా?

అమెరికా వైపు పని మీరే చేసుకోవచ్చు. జర్మనీ వైపు ఊరు దొరికి, పుస్తకం ఆన్‌లైన్లో లేకపోతే అప్పుడు పెట్టుకోండి. ఒప్పుకునే ముందు రెండు అడగండి: ఏ పుస్తకాలు, ఏ ఏళ్ళవి చూస్తారు, దొరక్కపోయినా ఏవేవి వెతికారో రాసిస్తారా. రెండోదానికి సరిగా జవాబు చెప్పనివాళ్ళకి అడ్వాన్సు ఇవ్వకండి.